బెరడు కింద

మేస్త్రి మోటారు రంపం తాడు లాగబోతుంటే అక్క చెయ్యి అడ్డం పెట్టింది. "వాగు పక్క చెట్లు వద్దన్నానా? మిట్ట మీదవి కొట్టు."

"మిట్ట మీదవి ఇంకా లేతవక్కా," అన్నాడు తమ్ముడు. "ఒత్తుగా ఉన్నవి ఇవే. వీటినే పలచన చెయ్యాలి."

అది పెద్ద అడవేం కాదు, ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న తోపు. చెట్లు ఒకదానికొకటి ఊపిరాడనివ్వకుండా పెరిగాయి. కొన్నిటిని తీసేయకపోతే పురుగు అన్నిటికీ ఎక్కుతుంది. ఆ మాటలో ఇద్దరికీ పేచీ లేదు. ఏ వైపు నుంచి అన్నదే పొద్దుటి నుంచీ తెగడం లేదు. అటు అంటే ఈమె ఒప్పుకోదు, ఇటు అంటే అతను ఒప్పుకోడు.

"మీరిద్దరూ ఒక మాట మీదకి వచ్చేలోపు ఇవి ముసలివై వాటంతటవే పడతాయి," అని మేస్త్రి దగ్గరలో ఉన్న చెట్టు వైపే నడిచాడు. అది వాగు పక్కది.

అక్క అతని వెనకే వెళ్లింది. ఆ మానుల్లో తను కొట్టిన ఇనప మేకులున్నాయి. రంపం మేకుకు తగిలితే గొలుసు తెగి మనిషి మెడ మీదకే వస్తుంది. ఏ మానులో ఎక్కడ కొట్టిందో చూపిద్దామన్నా, బెరడు వాటిని ఎప్పుడో మింగేసింది. మేకులు దిగిన కలపను ఎవరూ కొనరు, దొంగల బెడద తీరుతుందని అప్పుడు తనకు తాను చెప్పుకుంది. కానీ సుత్తి ఎత్తిన ప్రతిసారీ ఆ దొంగకు తమ్ముడి ముఖమే ఉండేది.

ఇంజను గుర్రుమంది.

"ఆపు," అంది. "వాటిలో మేకులున్నాయి. నేనే కొట్టాను."

మేస్త్రి రంపం ఆపి, మెడ తడుముకున్నాడు.

"నీకు చెప్పకుండా అమ్ముకుంటాననేగా?" అన్నాడు తమ్ముడు. "ఒక కంచంలో తిన్నవాళ్లం. నన్ను దొంగను చేశావక్కా."

ఆమె తలెత్తలేకపోయింది. తనలోని మురికిని ఇంతకాలం వాడి ముఖానికి పూసి, వాడు నల్లగా ఉన్నాడనుకుంది.

"మీ గొడవ ఇంటికెళ్లి తేల్చుకోండి," అంటూ మేస్త్రి మిట్ట ఎక్కాడు. పైనుంచి అడిగాడు: "అమ్మా, నాకు పెళ్లాం బిడ్డలున్నారు. ఇక్కడేం లేవు కదా?"

"ఒట్టు. అక్కడ ఒక్కటి కూడా కొట్టలేదు."

అది నిజం. చాలాకాలానికి ఆమె గుండె తేలికపడింది. క్షమించమని అడగడానికి తమ్ముడి వైపు తిరిగింది. అతను నేలను చూస్తున్నాడు. చొక్కా చెమటకు వీపుకు అంటుకుపోయి ఉంది.

పైన ఇంజను మళ్లీ గుర్రుమంది. తమ్ముడు ఒక్క ఉదుటున మిట్ట ఎక్కి మేస్త్రి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆపు మేస్త్రీ. ఇటువైపు నేను కొట్టాను."