యంత్రానికి హస్తవాసి

డాక్టర్ కామేశం గారు కత్తి పట్టిన రోజుల్లో, ఆగిపోయిన గుండె కూడా ఆయన్ని చూస్తే, లెక్కలు చెయ్యని కుర్రాడు పంతుల్ని చూసినట్టు ఉలిక్కిపడి కొట్టుకునేదని కాకినాడంతా చెప్పుకునేవారు. ఇప్పుడు కొయ్యడం, కుట్టడం అంతా యంత్రాలదే. కానీ జనం ఊరుకుంటారా? "యంత్రానికి హస్తవాసి ఎక్కణ్ణుంచొస్తుందండీ?" అని అడ్డం తిరిగారు. అందుకని ఆస్పత్రివాళ్లు ఆయన్ని అట్టేపెట్టుకున్నారు. ఆపరేషనుకి ముందు యంత్రం వీపుమీద చెయ్యి వేసి బయటికి వచ్చెయ్యడమే ఆయన ఉద్యోగం.

ఆవేళ బల్లమీద ఉన్నది ఆయన భార్య సుభాషిణి.

"ఏవండోయ్, నన్ను మీరే కొయ్యండి."

"కొయ్యనివ్వరే. చెయ్యి వేస్తానంతే."

"పెళ్లినాడు పట్టుకున్నారుగా చెయ్యి, ఏం బాగుపడ్డాను!" అని ఆవిడ నవ్వింది.

ఆయన చెయ్యి వేసి వచ్చారు. తలుపు మూసుకుంది. తలుపుకున్న అద్దంలోంచి చూస్తుండగా రక్తం ఉబికింది. యంత్రం చేతులు ఆలోచనలో పడ్డట్టు ఆగిపోయాయి.

"అక్కడ వేలు పెట్టి నొక్కండర్రా!" అంటూ కామేశం గారు తలుపు బాదారు.

"బంధువులు దయచేసి కూర్చోవాలి," అంది తలుపు మర్యాదగా.

ఇంతలో పిఠాపురం రైతొకడు వచ్చి ఆయన చెయ్యి పట్టుకున్నాడు. "మా అమ్మని పక్క గదిలోకి తీసుకెల్తన్నారండి. తవరు చెయ్యేసి, పర్లేదని ఒక్క ముక్క చెప్పండి."

"లోపల మా ఆవిడుందయ్యా. ముందు ఆ ముక్క నువ్వు నాకు చెప్పు."

రైతు తెల్లబోయి అద్దంలోకి చూశాడు. అతనికేమీ అర్థం కాలేదు.

"పర్లేదండి," అన్నాడు.

కామేశం గారు ఆ మాటే నమ్మి, బెంచీమీద చతికిలబడి, రైతు చెయ్యి వదలకుండా అద్దంకేసి చూస్తూ ఉండిపోయారు.