బొట్టు పెట్టిన ఇడ్లీ కుక్కర్

"మోసం! నూటికి నూరుపాళ్ళూ మోసం," అన్నాడు శేషగిరి, పెళ్ళాం లాప్‌టాప్‌ని తనవైపు లాక్కుంటూ. "ఒక్కావిడ ఇన్ని ఇడ్లీ కుక్కర్లు ఏం చేసుకుంటుందే?"

కృపావతి టీ గ్లాసు పక్కన పెట్టి స్క్రీన్‌లోకి తొంగిచూసింది. పొద్దున మొట్టమొదటి ఆర్డరు టింగుమనగానే దేవుడి ముందు దీపం పెట్టింది. రెండోది రాగానే కేసరికి రవ్వ వేయించింది. ఇప్పుడు ఆ టింగు ఆగడం లేదు. ప్రతి ఆర్డరులోనూ అదే కుక్కరు, అదే అడ్రసు: జయమ్మ, రింగాస్కిడీ.

ఆన్‌లైన్ షాపుకి ఎమరాల్డ్ హోమ్ అని పేరైతే ఘనంగా పెట్టింది గానీ, ఐర్లండ్‌లో పోర్ట్‌లీష్ అనే ఊళ్ళోని ఆ ఇంట్లో అమ్మడానికి గరిటె కూడా లేదు. ఉండక్కర్లేదు కూడా. ఆర్డరు వస్తే సాఫ్ట్‌వేరే దాన్ని సప్లయర్‌కి పంపేస్తుంది. సప్లయర్ తన సరుకుని నేరుగా కొన్నవాళ్ళింటికి పార్సిల్ చేస్తాడు. మధ్యలో ఈవిడ లాభం ఈవిడకి. ఊరు దాటితే గార్డులు, అంటే ఇక్కడి పోలీసులు, కారాపి ఎక్కడికని అడుగుతున్న ఆ లాక్‌డౌన్‌లో, పసిపిల్లల్ని చూసుకునే క్రెష్‌లో చేస్తున్న ఉద్యోగం కాస్తా పోయాక, ఈ షాపు మీదే ప్రాణాలన్నీ పెట్టుకుంది. ఉచిత ట్రయల్ ఈ సాయంత్రంతో ఆఖరు. ఈ సాఫ్ట్‌వేరు ఉంచుకోవాలా, షాపే మూసెయ్యాలా, ఇవాళే తేలిపోవాలి.

"నేను చెప్పిన సాఫ్ట్‌వేర్ తీసుకుని ఉంటే సప్లయర్ పేరూ ఊరూ అన్నీ చూపించేది. నీ దాంట్లో ఏముంది? కింగ్‌డమ్ కిచెన్స్‌ట! ఎవడు వాడు? వాడి గోడౌను ఎవరు చూశారు?"

"ఫొటోలో కుక్కర్‌కి కుంకుమబొట్టు పెట్టి ఉందండీ. మనవాళ్ళే అయ్యుంటారు. బొట్టు పెట్టి అమ్మేవాళ్ళు మోసం చేస్తారా?"

"బొట్టు నువ్వూ పెట్టావుగా!"

నిజమే, పెట్టింది. సప్లయర్ ఫొటో మసగ్గా ఉందని, తన వంటింట్లో ఉన్న పాత కుక్కర్నే చింతపండుతో తళతళా తోమి, బొట్టు పెట్టి, ఫొటో తీసి షాపులో ఎక్కించింది.

ఉండబట్టలేక ఆర్డరులో ఉన్న నంబరుకి ఫోన్ చేసింది.

"ఒక్కటే గదా బిడ్డా నేను జెప్పింది!" అంది జయమ్మ గాభరాగా. "కోడలు బాలింత. ఇడ్లీ తప్ప ఏం తింటలేదు. గా ఒక్కటి జల్ది పంపియ్యి. ఎక్కువ పైసలు గిట్ల గుంజినవంటే మాత్రం గ్రూపుల పెడ్తా మల్ల!"

తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెడితే ఐర్లండ్‌లో మనవాళ్ళెవరూ ఆ షాపు గడప తొక్కరు.

అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ట్రయల్ అయిపోయేలోగా తనని బుట్టలో వేసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌వాళ్ళే దొంగ ఆర్డర్లు సృష్టిస్తున్నారా? లేక...

"ఏవండీ, ఇది మీ పని కాదు కదా? నా సాఫ్ట్‌వేర్ పనికిరాదని నిరూపించడానికి?"

"నీకేమైనా పిచ్చా?" అని శేషగిరి ఆఫీసు కాల్ వంకతో మేడమీదకి వెళ్ళిపోయాడు. అతను కాదు. మొగుడికి అంత ఓపిక లేదని ఆవిడకి తెలుసు.

అప్పుడు మధులిక గుర్తొచ్చింది. ప్రాణస్నేహితురాలు, ట్రాలీ అనే ఊళ్ళో ఉంటుంది. ఇద్దరూ ఇవాళ ఏం కూరో చెప్పుకోనిదే పొయ్యి వెలిగించరు. అయినా ఈ షాపు సంగతి దానికి చెప్పలేదు. మొదటి పార్సిల్ చేరేదాకా ఎవరి చెవినా వెయ్యకూడదు, దిష్టి తగులుతుంది. కానీ మొన్న అది ఉన్నట్టుండి, "మీ ఇడ్లీ కుక్కర్ ఏ కంపెనీదే?" అని ఎందుకడిగింది? ఎలాగో పసిగట్టిందా? కుళ్ళుకుని ఈ ఆర్డర్లన్నీ అదే పెడుతోందా? ఫోన్ చేస్తే ఎత్తలేదు. కాసేపటికి మెసేజ్ వచ్చింది: "బిజీగా ఉన్నానే, తర్వాత మాట్లాడతా."

లాక్‌డౌన్‌లో దీనికేం బిజీ! అలాంటిదాన్ని అనుమానిస్తున్నందుకు కృపావతికి సిగ్గేసింది. అయినా అనుమానం పోలేదు.

మళ్ళీ టింగుమంది. ఇక లాభం లేదని సాఫ్ట్‌వేర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసి, వచ్చిన ఇంగ్లీషంతా వాడి పోట్లాడింది. వాళ్ళు భయపడి సప్లయర్‌కి లైన్ కలిపారు.

"హలో, కింగ్‌డమ్ కిచెన్స్. హౌ ఆర్ యూ కీపింగ్?"

ఆడగొంతు. అరువు తెచ్చుకున్న ఐరిష్ యాస. వెనకాల ఏదో పోపు చిటపటలాడుతోంది. ఆ గొంతు కృపావతికి కొత్తది కాదు.

"మధూ... నువ్వా?"

అవతల గరిటె ఠంగున కిందపడింది.

"కృపా! నువ్వేంటే ఈ లైన్లో? తిట్టకే తల్లీ. మొదటి పార్సిల్ చేరాక నీకే ముందు చెబుదామనుకున్నా. దిష్టి తగులుతుందని ఎవరికీ చెప్పలేదు."

కృపావతికి కోపం రాలేదు. కళ్ళు చెమర్చాయి. మోసమూ లేదు, దొంగా లేడు. తన సప్లయర్ తన స్నేహితురాలే. ఇన్ని ఆర్డర్లు ఎందుకొచ్చాయో తర్వాత తీరిగ్గా చూసుకోవచ్చు. ముందు ఆ బాలింత నోట్లోకి రెండు ఇడ్లీలు వెళ్ళాలి.

"అవన్నీ తర్వాత చెప్తా. ముందు రింగాస్కిడీ జయమ్మగారికి ఒక్క కుక్కర్ ఇవాళే పోస్టులో వెయ్యి. నీ దగ్గర స్టాకుందిగా?"

"నా దగ్గరెందుకుంటుందే పిచ్చిమొహమా! పొద్దుట్నుంచీ ఆవిడ పేరుతో వచ్చిన ఆర్డర్లన్నీ వచ్చినవి వచ్చినట్టే మా సప్లయర్‌కి పోతున్నాయి. ఎమరాల్డ్ హోమ్ అని చాలా పెద్ద కంపెనీట, ఫొటోలో కుక్కర్‌కి బొట్టు కూడా పెట్టాడు, నమ్మకస్తుడు!"