చెయ్యి వేసి చూడని తండ్రి

మందాకిని తడిగుడ్డ పిండి మూడేళ్ల కూతురి నుదుటి మీద వేస్తోంది. ఎదురుగా సోఫాలో భర్త శశాంక్ వెక్కివెక్కి ఏడుస్తున్నాడు. చెవి వెనక చిప్ పెట్టించుకున్నప్పటి నుంచి, చిప్ ఉన్నవాళ్లు ఏ మూల బాధపడినా అది అతనిలోకి వచ్చేస్తుంది. ఇవాళ ఏదో దేశంలో వరద. కూర్చున్న చోటు నుంచి కదలకుండా ఇంత దయ చూపించే మనుషులు ఇదివరకు లేరు.

"ఏవండీ, పాప ఒళ్లు కాలిపోతోంది. లేవండి, ఆసుపత్రికి పోదాం."

"జ్వరమేం లేదు. ఉంటే నాకు తెలీదా?"

"దానికింకా చిప్ పెట్టలేదు కదండీ! ఒక్కసారి చెయ్యి వేసి చూడండి."

శశాంక్ చెయ్యి ఎత్తి తన కన్నీళ్లే తుడుచుకున్నాడు. "అక్కడ ఊళ్లకు ఊళ్లే కొట్టుకుపోతున్నాయి. నీకు నీ ఇల్లు తప్ప ఏం పట్టదా?"

అత్తగారు కొడుక్కి మజ్జిగ తెచ్చిచ్చింది. "వాడిది వెన్నలాంటి మనసు. నువ్వూ చిప్ పెట్టించుకునుంటే తెలిసేది, బండరాయివి."

పాప కళ్లు తేలేసింది. మందాకిని కెవ్వుమంది. శశాంక్ గుండె పట్టుకుని, "అయ్యో, అక్కడెవరో తల్లి బిడ్డ కోసం అల్లాడిపోతోందమ్మా" అని మూలిగాడు. అత్తగారు అతని వీపు నిమిరింది.

మందాకిని పాపను భుజాన వేసుకుని, దారికి అడ్డంగా చాపి ఉన్న అతని కాళ్లు దాటి ఇంట్లోంచి వెళ్లిపోయింది.