కోరపన్ను పక్కది

నొప్పి ఎక్కడో చూపించమంటే మారిసెల్ ఎడమ చెంప మొత్తాన్ని అరచేత్తో కప్పింది.

"చెంప కాదమ్మాయ్, పన్ను చూపించు," అంది విజయదుర్గ.

కువైట్‌లో, బ్నీద్ అల్ గార్ పేటలోని ఆ పళ్ళ క్లినిక్‌లో విజయదుర్గ అసిస్టెంటు. అమలాపురం దగ్గరి మనిషి. మారిసెల్ ఫిలిప్పీన్స్ అమ్మాయి. పక్క వీధిలోని బ్యూటీ పార్లర్లో కౌంటర్ దగ్గర కూర్చుంటుంది. అంతకుముందు మిష్రిఫ్‌లో ఒక కువైటీ ఇంట్లో పనిచేసింది. అక్కడ తోటి పనిమనిషి రెడ్డెమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు ఆమెది. అదీ రాయలసీమ తెలుగు.

"శానా నొప్పక్కా. రాత్రంతా నిద్ర ల్యా. గంజి గూడా దిగల్యా."

ఆ యాసకు విజయదుర్గకు నవ్వొచ్చింది. ఆ పిల్ల కళ్ళకింద నలుపు చూశాక నవ్వు ఆగిపోయింది.

డాక్టర్ తౌఫిక్ లైటు సర్దుకుని నోట్లోకి చూశాడు. ఆయనది హైదరాబాదు. పై వరసలో కోరపన్ను పక్కదానికి లోపలివైపు పెద్ద పుచ్చు కనిపించింది.

"ఇదేనా?"

మారిసెల్ కాస్త ఆగి తలూపింది.

ఆయన అద్దం పిడితో పంటిమీద తట్టాడు. ఆమె కదల్లేదు.

"నొప్పి లేదా?"

"ఉంది, ఉంది," అంది గబగబా.

ఎక్స్‌రే తీశారు. డాక్టరు తృప్తిగా తలాడించాడు. "వేరు గట్టిగా ఉంది. రూట్ కెనాల్ చేసి క్యాప్ వేసుకుంటే పన్ను దక్కుతుంది. ఇవాళే మొదలుపెడతాను. మిగతాది వచ్చే వారం."

"మాత్రలు రాయండి డాక్టర్. యాంటీబయాటిక్."

"వాపు లేదు, జ్వరం లేదు. దేనికి? నొప్పికి పనడాల్ వేసుకో, చాలు."

"పనడాల్‌తో తగ్గల్యా." అంది మారిసెల్. "మందుల షాపులో అడిగినా. చీటీ లేకుండా ఇయ్యరంట."

"సరిగ్గానే చెప్పారు. పుచ్చు బాగు చేయకుండా మాత్రలు మింగితే లాభం లేదు."

ఆమె చేతులు ఒళ్ళో నలుపుకుంది.

"పన్ను పీకితే రాస్తారా?"

డాక్టరు వింతగా చూశాడు. "పీకితే గాయమవుతుంది కాబట్టి రాస్తాను. కానీ ఇది నిలిచే పన్ను. పీకమని నేను చెప్పను."

"పీకేయండి."

"నీ ఇష్టం," అని ఆయన ఇంజెక్షన్ సిద్ధం చేసుకోవడానికి అటు తిరిగాడు. విజయదుర్గ కుర్చీ మీదికి వంగింది.

"పిచ్చా నీకు? నవ్వితే కనపడే పన్నది. కౌంటర్లో కూర్చునేదానివి. పార్లర్లో సెలవివ్వరా ఏంటి? నేను మాట్లాడనా?"

"వద్దక్కా. మా ఊళ్ళో అందరూ పీకిచ్చుకుంటారు. మా అమ్మకు చిన్న వయసులోనే కట్టుడు పళ్ళు."

విజయదుర్గ ట్రేలో పనిముట్లు సర్దింది. ఆ మాట ఆమెకు కొత్త కాదు. పన్ను నిలబెట్టుకోవడానికి మళ్ళీ మళ్ళీ రావాలి. అన్నిసార్లు పనివాళ్ళను బయటికి పంపే మామాలు, ఇంటి యజమానురాళ్ళు, ఎక్కడున్నారు? అందుకే ఒక్కసారికే ఖలాస్ చేసుకుపోయే అమ్మాయిలను ఆమె ఎందరినో చూసింది. కానీ ఈ పిల్లకు ఆ బాధ లేదు. ఇది మాత్రం ఏమిటి, గట్టి పన్ను చేతులారా పోగొట్టుకుంటోంది?

"పెన్సిలిన్ పడుతుందా?" అడిగాడు డాక్టరు.

మారిసెల్ గతుక్కుమంది. "తెలీదు."

"ఇంతకుముందు ఎప్పుడైనా వాడావా?"

"ఆ... వాడినా. పడుతుంది."

పన్ను ఒక పట్టాన రాలేదు. డాక్టరు భుజం బలమంతా పెట్టాల్సి వచ్చింది. మారిసెల్ కళ్ళ పక్కనుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. నొప్పా అని అడిగితే కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. మరెందుకు ఏడుస్తోందో తెలియక విజయదుర్గ ఆ చల్లటి చెయ్యి పట్టుకుని నిలబడింది. అంతకన్నా ఏం చేయడానికీ తోచలేదు.

"దూది గట్టిగా అదుముకో," అన్నాడు డాక్టరు మందుల చీటీ రాస్తూ. "ఒక్క మాట గుర్తుపెట్టుకో. నోరు తెరుచుకోకపోయినా, గొంతు కిందికి వాచినా మాత్రలు నమ్ముకుని కూర్చోకూడదు. నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి."

"పోకపోతే?" దూది వెనకనుంచి మాట ముద్దగా వచ్చింది.

"ప్రాణం మీదికొస్తుంది. నీకు వాపే లేదు కదా, భయమెందుకు?"

మారిసెల్ మొహం పాలిపోయింది. ఇంకేదో అడగబోయి గోడమీద అంటించిన కాగితం వైపు చూసింది. ప్రభుత్వ గుర్తింపు కార్డు సివిల్ ఐడీ లేనివారిని చూడబోమని దానిమీద అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ ఉంది. అడగబోయింది మింగేసి, మరొకటి అడిగింది.

"మాత్ర మింగలేకపోతే, నీళ్ళలో కలపొచ్చా?"

"కరిగేదే రాస్తానులే."

విజయదుర్గ తలుపుదాకా వచ్చింది. "ఎందుకమ్మా అంత దిగులు? రేపటికి తేలికపడుద్ది చూడు. ఎలా ఉందో ఫోన్ చెయ్యి."

మారిసెల్ తలూపింది. ఆమెను గట్టిగా కౌగిలించుకుని, ఎండలోకి దాదాపు పరుగెత్తింది.

మందుల షాపు నుంచి తిన్నగా గదికి వచ్చి లోపల గడియ పెట్టింది. గ్లాసులో నీళ్ళు పోసి మాత్ర వేసింది. అది కరిగేదాకా చెంచాతో తిప్పుతూనే ఉంది.

తర్వాత, ఏనాడూ నొప్పి పెట్టని తన పన్ను పోయిన చోట దూదిని అదిమిపట్టి, మిష్రిఫ్ ఇంటి నుంచి పారిపోయి వచ్చి దేశంలో ఉండేందుకు అనుమతిచ్చే ఇఖామా లేక ఏ ఆసుపత్రి గడపా తొక్కలేని రెడ్డెమ్మ తలను ఒళ్ళోకి తీసుకుని, దవడ వాచి సగం కూడా తెరుచుకోని ఆ నోట్లో మందును కొంచెం కొంచెంగా పోసింది.