ఇల్లు చెప్పని చోటు

అందరి ఇళ్ళలాగే హైమ ఇల్లు కూడా మాట్లాడుతుంది. పాలు పొంగబోతుంటే కేకేస్తుంది, నాలుగేళ్ళ కూతురు మేఖలకు లెక్కలు నేర్పుతుంది, పాప ఏ మూలనున్నదీ తల్లి చెవిలోని పూసలోకి గుసగుసగా చెబుతుంది. అందుకే దాగుడుమూతలాడితే హైమ ఇట్టే పట్టేసేది. మేఖల మాత్రం నవ్వేది కాదు.

"నీతో ఆడను పో. నీకు ఇల్లు చెప్పేస్తుంది," అంది ఆ ఆదివారం, మూతి ముడుచుకుని.

హైమ మనసు చివుక్కుమంది. పాప దృష్టిలో ఇంటికీ తనకూ తేడా లేకుండా పోయిందా? ఆమె చెవిలోంచి పూస తీసి, పాప చూస్తుండగానే బియ్యం డబ్బాలో పడేసి మూత బిగించింది.

"ఇప్పుడు దాక్కోవే, చూద్దాం!"

మంచం కింద లేదు. బీరువా వెనక లేదు. ఆరేసిన చీరల చాటునా లేదు. ఆ చిన్న ఇంట్లో కూతురు కనబడకపోవడం హైమకు అదే మొదటిసారి. గోడను అడిగితే ఒక్క మాటలో తేలిపోతుంది. నోటిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసింది.

"ఎక్కడున్నావే తల్లీ?" అంటూ గట్టిగా పిలిచింది.

మాసిన బట్టల బుట్టలోంచి ఒక తల లేచింది. మేఖల పరుగెత్తుకొచ్చి, చెమట పట్టిన తల్లి ముఖాన్ని రెండు చేతులతో పట్టుకుని పరీక్షగా చూసింది.

"నీకు నిజంగా తెలీలేదా?"

"లేదే దొంగపిల్లా, ఒట్టు."

మేఖల పడీ పడీ నవ్వింది. ఆ తర్వాత గోడకేసి వేలు చూపించి బెదిరించింది.

"ఇప్పుడు అమ్మ దాక్కుంటుంది. నాకు చెప్పావో, నీతో కటీఫ్!"