తొడుగు వెయ్యని కాపీ

...అందుకే నిన్న కూడా అమ్మకి చెప్పలేకపోయాను. మా ఊరు పినాంగ్‌లోని ఒక చిన్న ప్రచురణ సంస్థ కొత్త పుస్తకాలకి ప్లాస్టిక్ తొడుగులు వేసి వేడి గాలితో బిగించేది అమ్మే. ఈసారి వచ్చిన సంకలనంలో మారుపేరుతో నా కథ ఉంది. నాన్న మమ్మల్ని వదిలేసి వెళ్ళిన రోజు గురించి రాశాను. ఆయన ఓడ మీద పనికెళ్ళాడనే ఇరుగుపొరుగుకి అమ్మ చెప్పుకుంటుంది.

“చదివావా?” అన్నాను ఇవాళ అమ్మ పని నుంచి రాగానే, భయంగా.

“నాలుగొందలు తొడిగేసరికి వేళ్ళు కాలాయి. ఇంకా చదవడం కూడానా తల్లీ!”

హమ్మయ్య అనుకుని గదిలోకొచ్చి ఇది రాస్తుంటే తలుపు చప్పుడైంది. కాగితాలు పరుపు కింద దాచేశాను.

“హుయీ పెంగ్, తలుపు తియ్యక్కర్లేదులే,” అంది అమ్మ అవతలి నుంచే, నీరసంగా. “షాపులో జనం తిరగేసి చూడ్డానికని తొడుగెయ్యని కాపీ ఒకటి ఉంచుతాంగా, అది చదివాను. వెళ్తూ వెళ్తూ మీ నాన్న వెనక్కి తిరిగి చూశాడని రాశావు. చూళ్ళేదే. అయినా అలాగే ఉండనీ.”