రెండు ట్రేలు

"ఏం మే, నువ్వేనా కలిపింది?"

మాలకొండయ్య తలుపు తోసుకొచ్చిన ఊపుకు ముందు గదిలో కూర్చున్న రోగులు లేచి నిలబడ్డారు. నర్సు ఆనందకుమారి మాత్రం కదల్లేదు. చేతిలోని దూది కింద పెట్టి, "ఏం కలిపినానయ్యా?" అంది.

"పటకార్లు! చేపలోళ్ళ నోట్లో పెట్టింది తెచ్చి మా నాయన నోట్లో పెట్టినావు. దవడ బూరె మాదిరి ఉబ్బిపోయింది. గంజి కూడా దిగటంలా. పెద్దాసుపత్రి డాక్టరు చూసి ఏమన్నాడో తెలుసునా? పన్ను పీకిన పటకారు శుభ్రంగా లేదంట. అందుకే చీము పట్టిందంట!"

మాలకొండయ్య తండ్రి కామాక్షయ్యది బుచ్చిరెడ్డిపాలెంలో పెద్ద ధాన్యం వ్యాపారం. పోయిన వారం ఆయన నెల్లూరు వచ్చి ఈ పళ్ళాసుపత్రిలోనే పన్ను పీకించుకున్నాడు. అదే రోజు, అదే డాక్టరు చేత, విడవలూరు అవతల పడవ మీద చేపల వేటకు పోయే ముత్యాలయ్య కూడా పీకించుకున్నాడు. ఇవాళ అతను భార్య కామమ్మ పన్ను చూపించడానికి వచ్చి వెనక వసారాలో కూర్చుని ఉన్నాడు.

అది ఇక్కడి పద్ధతి. కామాక్షయ్య లాంటివాళ్ళకు ముందు గది, తిరిగే కుర్చీ, తెల్లగుడ్డ పరిచిన పింగాణీ ట్రే. ముత్యాలయ్య లాంటివాళ్ళకు వెనక వసారా, చెక్కబల్ల, రేకు ట్రే. ఆ ట్రేలోది ఈ ట్రేలోకి రాకూడదు. స్వరాజ్యం వచ్చి పదిహేనేళ్ళయినా నెల్లూరు నడిబొడ్డున పటకార్లకు కూడా కులం అంటగట్టారు మహానుభావులు!

ఆనందకుమారి చేరిన నాటి నుంచీ దీనిమీద డాక్టరుతో పోట్లాడుతూనే ఉంది. "ఎవరిదైనా నోరు నోరే కదండీ. అందరికీ ఒకే తీరుగా చేద్దాం" అనేది. "అట్లా చేస్తే పెద్దింటివాళ్ళు మన వైపు కూడా చూడరు. నీ పని నువ్వు చూసుకో" అనేవాడు డాక్టరు.

మాలకొండయ్య విసవిసా వసారాలోకి వెళ్ళాడు.

"పోయిన వారం పన్ను పీకించుకున్నోడివి నువ్వేనా? ఏదీ, నోరు తెరువు."

ముత్యాలయ్య బెదురుతూ తెరిచాడు. చిగురు శుభ్రంగా మానిపోయి ఉంది.

"నొప్పి లేదా?"

"లేదు సామీ. మర్నాడే వేటకు పోయినా."

"చూసినారా!" మాలకొండయ్య అందరికీ వినబడేలా అరిచాడు. "రోగమంతా మా నాయనకు అంటించేసి వీడు దర్జాగా వేటకు పోయినాడు!"

"ఎవురికయ్యా రోగం?" కామమ్మ వాచిన చెంప పట్టుకునే లేచింది. "మీ ఇంటికొచ్చి అంటించినామా?"

అప్పుడు డాక్టరు లోపలి నుంచి వచ్చాడు.

"ఈమెను ఇప్పుడే పంపించెయ్యండి" అన్నాడు మాలకొండయ్య. "లేదంటే బుచ్చిరెడ్డిపాలెం నుంచి ఒక్కడు ఈ గడప తొక్కడు."

డాక్టరు ముఖం పాలిపోయింది. "ఆనందకుమారీ, తొందరలో ఏమన్నా పొరపాటు చేశావా?"

ఆ మాటకు ఆమె ఒళ్ళు భగ్గుమంది. ఇన్నేళ్ళు నమ్మకంగా చేసిన మనిషిని అడగాల్సిన మాటేనా అది? ట్రేలు కలిపిందన్న పేరు పడితే ఊళ్ళో ఇంకే ఆసుపత్రీ చేర్చుకోదు. ఆమె జీతం లేకపోతే ఇంట్లో తల్లి పస్తు పడుకోవాలి.

"కలపనిస్తే గదండీ కలిపేది!" అని అరిచింది. "ఎన్నిసార్లు బతిమాలినాను? ఒప్పుకున్నారా మీరు?"

"విన్నారా? కలపాలని మనసులో ఉండబట్టే గదా ఆ మాటొచ్చింది!" అన్నాడు మాలకొండయ్య.

"ఉంది. దాచుకోను. కానీ కలపలేదు. ఎందుకు కలవవో డాక్టరు గారినే అడగండయ్యా. ఆయన నోటితోనే చెప్పమనండి."

డాక్టరుకు ప్రాణం లేచొచ్చింది. "అవునండీ, ఈ పిల్ల కలపాలనుకున్నా కుదరదు. నేను దగ్గరుండి చూసుకుంటాను. వాళ్ళవి వసారా దాటవు, మీవి గది దాటవు."

"నాకు కథలు చెప్పొద్దు" అన్నాడు మాలకొండయ్య. అతని వేలు వసారా మూలన స్టవ్ మీద కుతకుతలాడుతున్న గిన్నె వైపు తిరిగింది. "రోజూ అన్నీ మరగబెట్టేది ఆ ఒక్క గిన్నెలోనే గదా? అక్కడ కలవవా?"

డాక్టరు తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంత చిన్న అనుమానానికా ఇంత గొడవ అన్నట్టు మాలకొండయ్య భుజం మీద చెయ్యి వేసి, గర్వంగా నవ్వాడు.

"మరగబెట్టేది వాళ్ళవి మాత్రమేనండీ."